బిల్లు రాని గోడలు

2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లా మీద కురిసింది మామూలు వాన కాదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజు వర్షపాతమే 40 సెంటీమీటర్లు దాటింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిన్నది. కామారెడ్డి పట్టణంలో ఇళ్లు నడుముల్లోతు నీళ్లలో మునిగాయి. అయితే ఎల్లారెడ్డి వైపు జనం భయమంతా నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ప్రాజెక్టు గురించే. 1916లో మొదలుపెట్టి 1922లో ముగించిన కట్టడం అది. నూరేళ్లు దాటిన ఆ కట్ట ఇంత వరదను ఎన్నడూ మోయలేదు. నీళ్లు పైనుంచి పొర్లాయి, ఒక పక్క మట్టి కోసుకుపోయింది. కింది ఊళ్లను ఖాళీ చేయించారు. వరద తగ్గాక చూస్తే రాతి కట్టడం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ రాళ్లను పట్టి ఉంచింది సిమెంటు కాదు, డంగు సున్నం. దానికి దిగువన మంజీర మీద అచ్చంపేట, బంజపల్లి ఊళ్ల దగ్గర నిలిచిన నిజాంసాగర్‌దీ అదే వంశం. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా 1923 నుంచి 1931 దాకా కట్టించిన రాతి ఆనకట్ట అది. పర్యావరణహిత నిర్మాణం, హరిత భవనం అనగానే మన మనసు హైదరాబాదు హైటెక్ సిటీ వైపు పోతుంది. ఎల్లారెడ్డి డివిజన్ రైతుకు మాత్రం అది రోజూ కళ్ల ముందు నీళ్లు ఆపుతూ నిలబడి ఉంది. అయినా అదే రైతు ఇప్పుడు ఇల్లు కట్టుకుంటే అందులో పిడికెడు సున్నం కూడా ఉండదు. గోడలకు కాల్చిన ఇటుక, పైన సిమెంటు స్లాబు, మే నెల వచ్చిందంటే ఆ స్లాబు కింద నిద్ర పట్టక డాబా మీద పడక.

ఎందుకిలా అయింది? మన దగ్గర సరుకు లేకనా, చేసే చెయ్యి లేకనా, తెలివి లేకనా? ఈ జిల్లాను కాస్త తిరిగి చూస్తే మూడూ ఉన్నాయనే అనిపిస్తుంది. లేనిదల్లా వాటికి డబ్బు చెల్లించే పద్దు.

సున్నం, బెల్లం

ముందు ఆ డంగు సున్నం సంగతి చూద్దాం. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి వెళ్లిపోతుంది. మిగిలిన దాన్ని నీళ్లలో వేసి వారాల తరబడి నానబెడతారు. గుండ్రటి కాలువలాంటి గానుగలో ఇసుకతో, ఇటుక పొడితో కలిపి రాతి చక్రం కింద ఎద్దులతో తిప్పించి నూరుతారు. ఇటుక పొడిని సుర్కీ అంటారు. ఈ సుర్కీ కలవడం వల్లే సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతుంది. ఆనకట్టలకు పనికొచ్చే గుణం అక్కడిదే. పైపూతకు వాడేటప్పుడు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కూడా కలిపేవాళ్లు. బెల్లంలోని చక్కెర సున్నం బాగా కరగడానికి సాయపడుతుంది, తొందరగా గడ్డకట్టనివ్వదు. ఒకప్పుడు బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ కామారెడ్డికి ఆ కలుపుడు కొత్త విషయమేమీ కాదు.

గోడకు ఎక్కాక సున్నం మెల్లమెల్లగా, ఏళ్ల తరబడి, గాలిలోంచి ఆ బొగ్గుపులుసు గాలినే తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. సిమెంటు లెక్క వేరు. కొలిమిలో వేడి 1450 డిగ్రీలకు చేరాలి. అక్కడ వదిలిన వాయువులో కొద్దిపాటే తిరిగి కాంక్రీటులోకి వస్తుంది. ప్రపంచం మొత్తం వదిలే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటు వాటా అని లెక్క.

సున్నం పని తెలిసిన చేతులు ఇంకా పూర్తిగా పోలేదని చెప్పడానికి కామారెడ్డికి దగ్గర్లోనే సాక్ష్యం ఉంది. అదే దోమకొండ గడి. సంస్థానం పోయాక చాలాకాలం పాడుబడి ఉన్న ఆ కోటను కామినేని కుటుంబం బాగు చేయించింది. లోపల కాకతీయుల కాలపు శివాలయం, అద్దాల మేడ ఉన్నాయి. పాత గోడలకు సిమెంటు తగలనీయకుండా సున్నంతోనే మరమ్మతు చేయించారు. ఇది చాదస్తం కాదు. సున్నపు గోడ తేమను లోపలికీ బయటికీ పోనిస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని పాత గోడను పొట్టు రాల్చినట్టు రాలుస్తుంది. ఊళ్లలో పాత గుళ్లకు సిమెంటు పూసి రంగులేసి ‘జీర్ణోద్ధరణ’ చేసిన పెద్దమనుషులు ఒకసారి దోమకొండ వచ్చి చూడాలి. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దోమకొండ కోటకు ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ దక్కింది. అదే ఏడాది గోల్కొండ మెట్లబావులకు కూడా పురస్కారం వచ్చింది.

గడీల గురించి గొప్పగా మాట్లాడుతుంటే ఈ ప్రాంతంలో కొందరికి మనసు చివుక్కుమంటుంది. అది సహజమే. ఆ గోడల వెనక వెట్టి చరిత్ర కూడా ఉంది. కానీ ఆ సున్నాన్ని నూరింది దొరలు కాదు, ఊరి సుతారులు. ఆ విద్య వాళ్లది.

మన్ను మీద అలుసు

గడి సంగతి పక్కన పెట్టి మామూలు ఇంటి దగ్గరికి వద్దాం. ఈ జిల్లాలో నలభై యాభై ఏళ్ల కిందటి ఇల్లంటే ఎడ్లతో తొక్కించిన మన్నుతో వరస మీద వరస పేర్చిన మందపాటి గోడలు, టేకు దూలాలు, వాసాలు, పైన గూన పెంకులు. కాస్త కలిగినవాళ్లదైతే నడుమ ఆకాశం కనిపించే భవంతి, చుట్టూ అర్రలు. మూరెడు మందం మట్టిగోడకు మధ్యాహ్నం ఎండ లోపలికి చేరేసరికి రాత్రి అవుతుంది, అప్పటికి బయట చల్లబడుతుంది. నాలుగైదు అంగుళాల సిమెంటు స్లాబు రెండు మూడు గంటల్లోనే వేడిని కిందికి దించేస్తుంది, రాత్రంతా వదులుతూనే ఉంటుంది. భవంతి నడుమ వేడిగాలి పైకి పోయి చల్లగాలి అర్రల్లోకి వస్తుంది.

ఇక్కడో వింత చెప్పుకోవాలి. హరిత భవనాలకు ఇచ్చే అమెరికా లీడ్ పద్ధతిలో ప్లాటినం గుర్తింపును ఆ దేశం వెలుపల మొదట పొందిన భవనం హైదరాబాదులోనే ఉంది. అది సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2003లో ఆ గుర్తింపు వచ్చింది, 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ దాని నడుమ గుండ్రని ఖాళీ వాకిలి పెట్టి, చుట్టూ గదులు కట్టారు. అంటే భవంతి! అక్కడ దానికి ప్లాటినం వచ్చింది. లింగంపేటలోనో గాంధారిలోనో తాత కట్టిన భవంతిని మనవడు పాత కొంప అని కూల్చి స్లాబు వేసుకుంటున్నాడు.

మనవణ్ని మాత్రం ఏమనగలం? కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల కథలో ఇల్లే ప్రధాన పాత్ర. దుబాయిలో మేడలకు సెంట్రింగ్ కట్టి, కాంక్రీటు మోసి, పదేళ్లు బిడ్డల ముఖం చూడకుండా పంపిన పైసలతో లేచిన ఇల్లు మట్టిదైతే ఊరు ఏమంటుంది? అతనికి స్లాబు పరువుకు గుర్తు. పైగా మట్టి ఇంటికి ఏటా అలుకు, సున్నం, పెంకుల సర్దుడు ఉంటాయి. ఆ పని చేసేది ఇంటి ఆడవాళ్లే. మట్టి ఇల్లు చల్లగా ఉంటుందని పట్నంలో కూర్చుని పొగిడేవాళ్లు ఈ చాకిరీని లెక్కలో వేయరు. మట్టి గోడ నానితే కూలుతుందన్నదీ నిజమే. ప్రతి వానాకాలం తర్వాత తహసీల్దారు ఆఫీసులో తయారయ్యే కూలిన ఇళ్ల జాబితాలో ఎక్కువ భాగం అవే. పెంకు జారి, నీళ్లు గోడ తలలోకి దిగడం వల్లనో, కింద రాతి కట్టు లేక మొదలు నానడం వల్లనో అవి పడిపోతాయి. మోకాలెత్తు రాతి పునాది, రెండడుగులు బయటికి వచ్చిన చూరు ఉన్న గోడలు మాత్రం మూడు తరాలు చూశాయి.

సర్కారు కాగితాలు మట్టికి చేసిన అన్యాయం వేరే ఉంది. జనగణన లెక్కలో పచ్చి మట్టి గోడ శాశ్వతమైనది కాదు. కాల్చిన ఇటుక గోడ మీద సిమెంటు రేకు వేసిన ఇల్లు మాత్రం శాశ్వతమే. ఎండకాలం ఆ రేకుల కింద ఒక పూట గడిపినవాళ్లెవరూ ఈ లెక్క రాసి ఉండరు.

మట్టిని మళ్లీ ఇంట్లోకి తెచ్చే దారులు కొత్తవేమీ కావు. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాలుగా చేస్తున్నట్టు, మట్టిలో ఐదు శాతం సిమెంటు కలిపి చేతి మిషన్‌తో ఒత్తి, కాల్చకుండానే నీళ్లు చల్లి నాలుగు వారాలు ఆరనిస్తే ఇటుక తయారవుతుంది. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వారి గ్రామీణ సాంకేతిక పార్కులో ఇలాంటి ఇళ్ల నమూనాలున్నాయి. ఎల్లారెడ్డి, సదాశివనగర్ వైపు ఎర్ర నేలలు దీనికి సరిపోతాయి. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు నల్లరేగడికి ఈ లెక్క నడవదు. రేగడి ఎండితే పగులుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, దానికి సిమెంటు కన్నా సున్నం బాగా పడుతుంది. ఒకే జిల్లాలో రెండు మన్నులు ఉన్నప్పుడు రాజధానిలో గీసిన ఒకే నమూనా రెండింటికీ ఎలా కుదురుతుంది?

చెరువు మట్టి మాట కూడా చెప్పాలి. చెరువుల్లో పూడిక తీసే మిషన్ కాకతీయ పథకాన్ని 2015 మార్చి 12న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మొదలుపెట్టింది సదాశివనగర్ పాత చెరువులోనే. అప్పటికది నిజామాబాద్ జిల్లా, 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఆ పూడిక మట్టిని ట్రాక్టర్లతో రైతులు పొలాలకు తోలుకున్నారు. చేసిన పని మంచిదే, పూడికలో ఉన్న సారం గోడలో పెట్టి దండగ చేయకూడదు. కాకపోతే ఇటుక బట్టీలు పొలాల పైమట్టిని అడుగు లోతున చెక్కుకుపోతుంటే కౌలుకు తీసుకున్న రైతుకు మిగిలేది గుంట. పైమట్టి పంటకు, కింది మొరం మట్టి గోడకు అన్న పంపకం మన పెద్దలకు తెలుసు. బావి తవ్విన మన్నుతోనే ఇల్లు కట్టుకునేవాళ్లు.

బూడిద, గడ్డి

కాల్చకుండా ఇటుక చేయవచ్చని లోకానికి చూపించినవాళ్లలో మన తెలుగు దంపతులు ఉన్నారు. విశాఖపట్నానికి చెందిన డాక్టర్ ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్. ఉష్ణవిద్యుత్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సం, ఈ మూడింటినీ కలిపితే మామూలు వేడిలోనే గట్టిపడుతుందని వాళ్లు తేల్చారు. దానికి ఫాల్‌-జి అని పేరుపెట్టారు. బట్టీ లేదు, పొగ లేదు, బొగ్గు ఖర్చు లేదు, నీళ్లు చల్లి ఆరబెట్టడమే. చిన్న చిన్న యూనిట్లు ఈ పద్ధతిలో ఆదా చేసిన కర్బనానికి 2006లో ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి నుంచి డబ్బు ఇచ్చే ఒప్పందం కూడా జరిగింది. బూడిద వాడకాన్ని తప్పనిసరి చేస్తూ కేంద్రం 1999 సెప్టెంబరులో ఉత్తర్వులిచ్చింది. 2016లో విద్యుత్ కేంద్రం చుట్టూ 300 కిలోమీటర్ల దాకా దాన్ని విస్తరించింది. రామగుండం నుంచి కామారెడ్డి ఆ గీత లోపలే ఉంది. పట్టణంలో అపార్ట్‌మెంట్లకు, ప్రహరీలకు ఇప్పుడు కనిపించే బూడిదరంగు ఇటుకలు ఆ కుటుంబానివే.

కానీ రామగుండం దాకా పోనక్కరలేని బూడిద మన ఊళ్లోనే ఉంది. వంద కిలోల వడ్లు ఆడిస్తే ఇరవై కిలోల ఊక వస్తుంది. దాన్ని కాలిస్తే నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. అందులో నూటికి ఎనభై ఐదు పాళ్లకు పైగా సిలికానే. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో కాలి, మిల్లు వెనక గుట్టలుగా పడి, గాలి వీస్తే పక్క ఇళ్ల బట్టల మీద వాలే నల్ల బూడిద అదే. కాల్చే వేడిని అదుపులో ఉంచితే, అంటే దాదాపు 700 డిగ్రీలు మించనివ్వకపోతే, అది సున్నంతో కలిసి సిమెంటులా పట్టుకుంటుంది. కాంక్రీటులో ఊక బూడిద కలపవచ్చని మన జాతీయ ప్రమాణం ఐఎస్ 456లోనే రాసి ఉంది. అంటే ఇంజనీర్లు రోజూ తిప్పే పుస్తకంలోనే. బాయిలర్ వేడిని అదుపు చేయడం మిల్లు యజమానికి లాభంగా కనిపించనంత కాలం ఆ వాక్యం పుస్తకంలోనే ఉంటుంది.

ఊక తర్వాత గడ్డి. హార్వెస్టర్ కోసిన మడిలో మిగిలే వరిగడ్డిని యాసంగి నాట్ల తొందరలో తగలబెడుతున్నారు. కామారెడ్డికి పొరుగున సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాదు, భువనేశ్వర్‌లోని కిట్ సంస్థ పరిశోధకులు కలిసి ఆ గడ్డినే ఇటుక చేశారు. పంట వ్యర్థాలను ముక్కలు చేసి సున్నం కలిసిన జిగురులో తడిపి అచ్చుల్లో పోసి ఆరబెడతారు. 2021 సెప్టెంబరులో ఐఐటీ ప్రాంగణంలో ఆ ఇటుకలతో చిన్న కాపలా గదిని కట్టి ప్రారంభించారు. ఈ గడ్డి ఇటుక మట్టి ఇటుక బరువులో ఎనిమిదో వంతే ఉంటుంది. వేడిని, శబ్దాన్ని ఆపుతుంది. బరువు మోయదు కాబట్టి ఇనుప చట్రమో కాంక్రీటు చట్రమో ఉంటేనే గోడ నిలుస్తుంది. స్లాబు మీద పరిస్తే మాత్రం ఎండను ఆపే దుప్పటిగా పనికొస్తుంది. నాకైతే దాని అసలు చోటు అక్కడే అనిపిస్తుంది.

సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో 2023లో మిషన్‌తో ముద్రించిన గుడి చూడ్డానికి జనం బాగానే పోయారు. త్రీడీ ప్రింటింగ్ అద్భుతమే కావచ్చు, కానీ మిషన్ కక్కేది కూడా సిమెంటు మిశ్రమమే. అంతకన్నా తక్కువ సందడితో వచ్చిన ఎల్‌సీ3 అనే సిమెంటు మీద నాకు గురి ఎక్కువ. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్, మన ఐఐటీలు కలిసి రూపొందించిన రకం ఇది. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి, కొలిమిలో కాల్చే భాగాన్ని సగానికి తగ్గిస్తుంది. వదిలే బొగ్గుపులుసు వాయువు దాదాపు 40 శాతం తగ్గుతుంది. 2023లో దానికి భారతీయ ప్రమాణం వచ్చింది. సుతారికి కొత్త పని నేర్పనక్కరలేదు, బస్తా మారుతుంది అంతే. కామారెడ్డి సిమెంటు దుకాణంలో ఆ బస్తా దొరికే రోజు రావాలి.

పద్దు దగ్గర ఆగింది

ఇంత సరుకు ఉండీ ఇల్లెందుకు మారలేదు? ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని చూడండి. సొంత జాగా ఉన్న పేదకు ఐదు లక్షలు, కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు. డబ్బు నాలుగు విడతలుగా వస్తుంది. పునాది అయ్యాక ఒకటి, గోడలు లేచాక ఒకటి, స్లాబు పడ్డాక ఒకటి, పని ముగిశాక ఒకటి. అన్నింటిలో పెద్ద మొత్తం స్లాబు విడతదే. పేదవాడి చేతికి డబ్బు త్వరగా, దళారి లేకుండా అందించే ఆలోచన బాగుంది. అయితే స్లాబు వేయనివాడికి ఆ విడత ఏ పేరుతో ఇవ్వాలి? రాతి పునాది మీద ఒత్తిన మట్టి ఇటుక పేర్చి, పైన పెంకులు కప్పితే అది ఏ దశ? ఫారంలో ఆ గడి లేదు. గృహనిర్మాణ శాఖ ఏఈకి అది మంచి ఇల్లని తెలిసినా ఆయన సంతకం పెట్టాల్సింది గడిలోనే.

సుతారి వైపు నుంచి చూసినా అంతే. అతను గుత్త మాట్లాడుకునేది చదరపు అడుగు లెక్కన. ఇటుకలను పక్కల మీద నిలబెట్టి నడుమ ఖాళీ వదిలి కట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి. గోడలో గాలి ఉండటంతో ఇల్లూ చల్లబడుతుంది. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ ఇలా ఎన్నో ఇళ్లు కట్టారు. కానీ ఆ కట్టుకు చెయ్యి నెమ్మదిగా సాగుతుంది. మిగిలిన ఇటుకల లాభం ఇంటాయనకు, పోయిన రోజు కూలి సుతారికి. ఆ తేడాను ఎవరు పూడ్చాలో తేలకుండా అతనికి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెడితే, అది గోడకు వేలాడుతుంది తప్ప పనిలోకి దిగదు.

కొన్నింటికి ఎవరి సంతకమూ అక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు ఎండను వెనక్కి కొట్టేవిగా మారాలన్నది లక్ష్యం. పెద్ద భవనాలకు నిబంధన, చిన్న ఇళ్లకు ఇష్టం. ఊళ్లలో అయితే స్లాబు మీద రెండు పూతల తెల్ల సున్నం పూస్తే చాలు, లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఉగాదికి గోడకు పూసే సున్నమే అది. ఒక బకెట్ పైకి ఎక్కాలి.

స్లాబు తప్పదనుకున్నా దారి ఉంది. స్లాబులో పై భాగపు కాంక్రీటు ఒత్తిడిని మోస్తుంది, కింది భాగంలో లాగుడును మోసేది సలాకలే. అక్కడి కాంక్రీటు చాలావరకు ఊరికే బరువు. ఆ చోట సలాకల గళ్ల నడుమ పాత బెంగుళూరు పెంకులనో, కుండలనో బోర్లించి పైన కాంక్రీటు పోస్తే ఫిల్లర్ స్లాబు అవుతుంది. కాంక్రీటు ఐదో వంతు దాకా మిగులుతుంది, పెంకు కింద చిక్కిన గాలి వేడిని ఆపుతుంది. సలాకల మధ్య దూరాన్ని ఇంజనీరు చేత లెక్క కట్టించుకోవాలి, ఆ పని సొంత ఊహకు వదలొద్దు. ఇల్లు కూల్చినప్పుడు దించిన పెంకులు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ గోడ వారగా పేర్చి ఉన్నాయి, కొనేవాడు లేడు. వాటిని స్లాబులోకి ఎక్కిస్తే అది ఆర్‌సీసీ కప్పే అవుతుంది, విడత ఆగదు. ఫోన్ పట్టుకుని స్లాబు దశ ఫొటో తీయడానికి వచ్చిన ఉద్యోగికి పైనుంచి అది అన్ని స్లాబుల్లాంటి స్లాబే.